వెళ్లనివారు, వెళ్లలేనివారు: కత్రినా నిందలు ఎటు తిరిగాయి

2005 సెప్టెంబరు 1, గురువారం. కత్రినా హరికేన్ (అట్లాంటిక్ తుపాను) దెబ్బకు అమెరికాలో లూసియానా రాష్ట్రపు న్యూ ఆర్లియన్స్ నగరంలో ఐదింట నాలుగు వంతులు నీట మునిగి అప్పటికి నాలుగో రోజు. సూపర్‌డోమ్ స్టేడియంలో ఇరవై వేలకు పైగా జనం కరెంటు లేని ఉక్కలో, పొంగిపొర్లుతున్న మరుగుదొడ్ల మధ్య కూర్చుని ఉన్నారు. ఆహారం, నీళ్లు ఏవీ సిద్ధం చేయకుండానే తలుపులు తెరిచిన కన్వెన్షన్ సెంటర్ బయట మరికొన్ని వేలమంది కాలిబాట మీదే పడి ఉన్నారు. టీవీ కెమెరాలు చూపిస్తున్న ముఖాల్లో అత్యధికం నల్లజాతీయులవి. ఆ రోజు ఫెడరల్ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా అధిపతి మైకేల్ బ్రౌన్ సీఎన్ఎన్‌తో మాట్లాడుతూ, మృతుల సంఖ్య పెరగడానికి చాలావరకు ముందస్తు హెచ్చరికలను లెక్కచేయనివారే కారణమవుతారని, వాళ్లు ఊరు విడిచి వెళ్లకూడదని అనుకున్నారని వ్యాఖ్యానించారు.

తెలుగులో 'వెళ్లనివారు' అనే మాటకూ 'వెళ్లలేనివారు' అనే మాటకూ తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరాన్ని ఎవరు పలికారు, ఎవరు మింగేశారు అన్నదాని చుట్టూనే కత్రినా తరువాతి రాజకీయ నిందలన్నీ తిరిగాయని చెప్పవచ్చు.

తుపాను ఆగస్టు 29 సోమవారం ఉదయం లూసియానా తీరంలో బ్యూరాస్ వద్ద భూమిని తాకింది. అంతకు ముందురోజు సముద్రం మీద అయిదో స్థాయిలో ఉన్న హరికేన్ తీరం చేరేసరికి మూడో స్థాయికి తగ్గింది. అయినా అది నెట్టుకొచ్చిన ఉప్పెన మాత్రం తగ్గలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమను ఎరిగిన జిల్లాల వారికి గాలి వేరు, ఉప్పెన వేరు అని విడమరిచి చెప్పనక్కర లేదు. కానీ న్యూ ఆర్లియన్స్‌ను ముంచింది ఉప్పెన ఒక్కటే కాదు. పదిహేడో వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ, ఇండస్ట్రియల్ కెనాల్ తదితర చోట్ల ఉన్న గోడలు, కరకట్టలు యాభైకి పైగా చోట్ల తెగిపోయాయి. వాటిలో కొన్ని నీళ్లు పైకి పొర్లకముందే పునాది కదిలి ఒరిగిపోయాయి. ఆ కట్టడాలను రూపొందించినది ఫెడరల్ ప్రభుత్వానికి చెందిన ఆర్మీ ఇంజనీర్ల విభాగం. రూపకల్పనలోనే లోపాలున్నాయని ఆ విభాగం 2006 జూన్‌లో తానే ఒప్పుకుంది. ఇంత పెద్ద ఒప్పుకోలు నిందల గోలలో దాదాపు వినబడకుండా పోవడం ఈ మొత్తం వ్యవహారంలో విచిత్రమైన సంగతుల్లో ఒకటి. మనుషుల మీద పడినంత కోపం కాంక్రీటు మీద పడదు కాబోలు.

నగరాన్ని తప్పనిసరిగా ఖాళీ చేయాలని మేయర్ రే నాగిన్ ఆదేశించింది ఆగస్టు 28 ఆదివారం ఉదయం. అప్పటికి తుపాను రాకకు ఒక రోజు కూడా మిగల్లేదు. ముందురోజు రాత్రి జాతీయ హరికేన్ కేంద్రం డైరెక్టర్ మ్యాక్స్ మేఫీల్డ్ స్వయంగా ఫోన్ చేసి పరిస్థితి తీవ్రతను చెప్పిన తరువాత గానీ ఆ ఆదేశం రాలేదు. అయితే రోడ్ల మీద రెండు దిక్కుల లేన్లనూ బయటికి వెళ్లే వాహనాలకే వదిలిన రాష్ట్ర ప్రణాళిక బాగానే పనిచేసింది. నగరం, చుట్టుపక్కల ప్రాంతాల నుంచి పది లక్షలకు పైగా జనం బయటపడ్డారు. కారున్న మనిషికి సంబంధించినంతవరకు అమెరికా చరిత్రలోనే విజయవంతమైన తరలింపుల్లో అది ఒకటి.

చిక్కంతా అక్కడే ఉంది. 2000 సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారం న్యూ ఆర్లియన్స్ జనాభా 4,84,674. వారిలో మూడింట రెండు వంతుల మంది నల్లజాతీయులు. నూటికి 28 మంది పేదరికపు గీతకు దిగువన ఉన్నారు. నాలుగింట ఒక వంతుకు పైగా ఇళ్లలో అసలు కారు లేదు, నల్లజాతీయుల ఇళ్లలో ఆ వంతు మరింత ఎక్కువ. దీనికి తోడు తేదీ చూడాలి. ఆగస్టు 29 అంటే నెలాఖరు. పేద ఇళ్లకు ఆధారమైన పింఛన్లు, వైకల్య భృతులు చాలావరకు చేతికందేది కొత్త నెల మొదటి రోజుల్లో. ట్యాంకు నిండా పెట్రోలు, దారిలో తిండి, నాలుగు రాత్రుల మోటెల్ అద్దె ఆ వారంలో చాలా కుటుంబాలకు లేని డబ్బు. పోనీ బంధువుల ఇళ్లకు వెళదామంటే, నగరవాసుల్లో నాలుగింట మూడొంతుల మంది లూసియానాలోనే పుట్టి పెరిగినవారు కావడంతో ఆ బంధువుల్లో చాలామంది అవే పేటల్లో, అదే పల్లంలో ఉన్నారు.

ఈ సంగతి ఎవరికీ తెలియదని అనడానికి లేదు. 2004 జులైలో ఫెమా నిధులతో, రాష్ట్ర, స్థానిక అధికారులతో కలిసి 'హరికేన్ పామ్' అనే ఊహాత్మక తుపాను మీద ఒక కసరత్తు జరిగింది. కరకట్టలు దాటి నీళ్లు రావడం, జనంలో పెద్ద భాగం నగరంలోనే మిగిలిపోవడం, అరవై వేలకు మించిన మరణాలు అన్నీ ఆ కాగితాల మీద ఉన్నాయి. మిగిలిపోయినవారిని ఏ బస్సుల్లో, ఎవరు నడిపితే, ఎక్కడికి తీసుకువెళ్లాలన్న భాగం పూర్తికాకుండానే అసలు తుపాను వచ్చింది. తరువాతి రోజుల్లో వరుసగా నిలిపి ఉన్న పసుపుపచ్చ స్కూలు బస్సులు కిటికీల దాకా మునిగిన ఫొటో ఒకటి దేశమంతా తిరిగింది. అప్పటి అధ్యక్షుడి పార్టీ అయిన రిపబ్లికన్లకు అది చేతికందిన ఆయుధం. బస్సులు మేయరు చేతిలో ఉన్నాయి, మేయరు నల్లజాతీయుడు, డెమొక్రాట్. మరి వివక్ష ఎక్కడిదని వాళ్లు అడిగారు. డ్రైవర్లు ముందే ఊరు విడిచిపోయారని, వాళ్లను ఆపి ఉంచే ఏర్పాటు ఎవరూ చేయలేదని ఆ ఫొటో చెప్పదు.

నింద ఒకరి నుంచి మరొకరికి దొర్లడానికి అమెరికా సమాఖ్య వ్యవస్థలో కావలసినంత చోటుంది. నగరం రాష్ట్రాన్ని అడగాలి, రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి, అడిగినదాన్ని ఫలానా రూపంలో అడగాలి. గవర్నర్ కాథ్లీన్ బ్లాంకో ఆగస్టు 26నే రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మరునాడు అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ఫెడరల్ ప్రకటన వెలువడింది. అయినా మామూలుగా గవర్నరు కింద పనిచేసే నేషనల్ గార్డ్ సైనిక దళాలు ఎవరి ఆదేశంలో ఉండాలన్న తగాదా సెప్టెంబరు 2, 3 తేదీల దాకా సాగి, దళాలను కేంద్రం చేతికి అప్పగించాలన్న శ్వేతసౌధం ప్రతిపాదనను బ్లాంకో తిరస్కరించడంతో ముగిసింది. సెప్టెంబరు 27న కాంగ్రెస్ ముందుకు వచ్చిన బ్రౌన్, లూసియానా యంత్రాంగం పనిచేయని స్థితిలో ఉందని తుపానుకు ముందు శనివారం నాటికే గుర్తించకపోవడం తన అతిపెద్ద పొరపాటు అన్నారు. పొరపాటు ఒప్పుకుంటూనే దాన్ని ఎదుటివారి ఖాతాలో వేసే ఈ విద్య విపత్తు విచారణలన్నిటికీ సామాన్యమే. అప్పటికి ఆయన రాజీనామా చేసి రెండు వారాలు దాటింది.

ఈ పరిపాలనా తగాదాను జాతి తగాదాగా మార్చిన క్షణం సెప్టెంబరు 2 రాత్రి వచ్చింది. బాధితుల సహాయార్థం ఎన్‌బీసీ ప్రసారం చేసిన ప్రత్యక్ష కార్యక్రమంలో గాయకుడు కాన్యే వెస్ట్, ముందుగా రాసిచ్చిన మాటలు పక్కనపెట్టి, జార్జ్ బుష్‌కు నల్లవాళ్లంటే లెక్కలేదని అన్నారు. ఆ పగలే బుష్ అలబామాలోని మొబిల్‌లో నిలబడి, ముద్దుపేరుతో పిలుస్తూ బ్రౌన్ పనితీరును మెచ్చుకున్నారు. అంతకు రెండు రోజుల ముందు విమానం కిటికీలోంచి మునిగిన నగరాన్ని చూస్తున్న బుష్ ఫొటో వచ్చింది. 1965లో బెట్సీ హరికేన్ వచ్చిన మరునాడే లిండన్ జాన్సన్ అదే నగరంలో చీకటి శిబిరంలోకి నడిచివెళ్లి, టార్చిలైటు వెలుగులో తన ముఖం చూపించి, నేను మీ అధ్యక్షుణ్ని అని చెప్పుకున్న సంగతి గుర్తున్న వృద్ధులు అప్పటికి ఇంకా ఉన్నారు. ఆకాశంలోని కిటికీకీ, నేల మీది టార్చిలైటుకూ ఉన్న తేడా కాన్యే వెస్ట్ మాటకు బలమిచ్చింది.

విదేశాంగ మంత్రి కండోలీజా రైస్ వెంటనే ఖండించారు. జాతిని బట్టి జనాన్ని గాలికొదిలే పని ఎవరూ, అందులోనూ అధ్యక్షుడు, చేయరని అన్నారు. అదే వారంలో ప్యూ రీసెర్చ్ సెంటర్ జరిపిన సర్వేలో, బాధితుల్లో ఎక్కువమంది శ్వేతజాతీయులై ఉంటే ప్రభుత్వం ఇంకా వేగంగా కదిలేదని నల్లజాతీయుల్లో 66 శాతం మంది అభిప్రాయపడగా, శ్వేతజాతీయుల్లో అలా అనుకున్నవారు 17 శాతమే. ఒకే టీవీ తెరను చూసిన రెండు కళ్లు ఇంత వేర్వేరుగా చూడటం అరుదు.

ఈ రెండు మాటల మధ్య, అప్పటికి సెనేట్‌లో తొలి ఏడాదిలో ఉన్న బరాక్ ఒబామా సెప్టెంబరు 6న మూడో మాట అన్నారు. ఫెమా ఆలస్యానికి జాతి ద్వేషం కారణమని తాను అనుకోవడం లేదని, ఆ అసమర్థతకు రంగు తేడా తెలియదని ముందు చెప్పి, ఆ వెంటనే ప్రణాళిక వేసినవారు నగరపు పేద పేటల బతుకుకు ఎంత దూరంగా ఉన్నారంటే, పెద్ద కారులో సామాను వేసుకుని, వంద డాలర్ల పెట్రోలు కొట్టించి, క్రెడిట్ కార్డు గీసి హోటల్లో దిగలేని మనిషి ఒకడుంటాడని వాళ్ల ఊహకు అందలేదని అన్నారు. ఈ ప్రసంగంలో మొదటి సగం రిపబ్లికన్లకూ రెండో సగం డెమొక్రాట్లకూ పనికొచ్చింది. ఎవరికి కావలసిన ముక్కను వారు విరుచుకుపోయారు. నిజానికి ఆ రెండు సగాలనూ కలిపి చదివితేనే విషయం తెలుస్తుంది.

వివాదమంతా ఉద్దేశం మీద నడిచింది: బుష్‌కు నల్లవాళ్లంటే ద్వేషమా, కాదా? ఒక మనిషి మనసులో ఏముందో నిరూపించడం అసాధ్యం. నిరూపణ కాని నేరారోపణ నిందితుడికే మేలు చేస్తుంది. బుష్ ఆ ఆరోపణకు నొచ్చుకోగలిగారు, నొచ్చుకున్నారు కూడా. కారు లేని ఇంటిని లెక్కలోకి తీసుకోని ప్రణాళికకు మాత్రం ఎవరూ సంజాయిషీ ఇవ్వవలసిన పని లేకపోయింది. అంతేకాదు, నింద ఉద్దేశం మీద ఉన్నంతకాలం నల్లజాతి మేయరు, డెమొక్రాట్ గవర్నరు దాని పరిధిలోకి రానే రారు. ప్రణాళిక మీద నింద పెడితే ముగ్గురూ ఒకే బోనులో నిలబడవలసి వచ్చేది. సెప్టెంబరు 15న జాక్సన్ స్క్వేర్‌లో మాట్లాడిన బుష్, ఈ ప్రాంతపు పేదరికానికి మూలాలు జాతి వివక్ష చరిత్రలో ఉన్నాయని స్పష్టంగానే చెప్పారు. చరిత్రను నిందించడం వర్తమానంలో ఎవరికీ ఖర్చు కాదు.

అలాగని సహాయం జరుగుతున్న వేళ జాతి పనిచేయలేదని కాదు. అది పనిచేసింది భయం రూపంలో. సూపర్‌డోమ్‌లో పసిపిల్లల మీద అత్యాచారాలు, గుట్టలుగా శవాలు, హెలికాప్టర్ల మీద కాల్పులు అంటూ పుకార్లు గుప్పుమన్నాయి. వాటిని నమ్మి ప్రచారం చేసినవారిలో మేయరు నాగిన్, పోలీసు అధిపతి ఎడ్డీ కాంపాస్ కూడా ఉన్నారు. ఆగస్టు 31 సాయంత్రం నాగిన్ పోలీసులను గాలింపు, రక్షణ పని నుంచి తప్పించి దోపిడీలను అరికట్టే పనికి మళ్లించారు. ఇళ్ల కప్పుల మీద మనుషులు ఇంకా చేతులూపుతున్న రోజది. వచ్చిన సైనికులకు ఎం-16 తుపాకులున్నాయని, అవసరమైతే కాలుస్తారనే తాను ఆశిస్తున్నానని బ్లాంకో ప్రకటించారు. మిసిసిపీ వంతెన మీదుగా నడిచి బయటపడబోయిన వారిని అవతలి ఒడ్డున గ్రెట్నా పట్టణ పోలీసులు తుపాకులతో వెనక్కి తిప్పారు. సెప్టెంబరు 4న డాంజిగర్ వంతెన మీద నగర పోలీసులు నిరాయుధులైన ఆరుగురిపై కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు. చివరికి సూపర్‌డోమ్ నుంచి మృతదేహాలు తరలించడానికి వచ్చిన ఫెమా వైద్యుడు రెండు వందల శవాలుంటాయన్న సమాచారంతో శీతలీకరణ సౌకర్యం గల భారీ లారీతో దిగాడు. అక్కడున్నవి ఆరు. నలుగురు అనారోగ్యంతో, ఒకరు మాదకద్రవ్యం మోతాదు మించి, ఒకరు ఆత్మహత్య చేసుకుని చనిపోయారు. ఆ లారీలో ఖాళీగా మిగిలిన చోటే పుకారుకూ నిజానికీ మధ్య ఉన్న కొలత.

మృతుల లెక్కలు మాత్రం ఏ పక్షం వాదనకూ సాఫీగా ఒదగవు. 1,833 మంది చనిపోయారన్న సంఖ్య చాలాకాలం చలామణీలో ఉండి, 2023లో జాతీయ హరికేన్ కేంద్రం దాన్ని 1,392కు సవరించింది. లూసియానాలో 971 మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో దాదాపు సగం మంది 75 ఏళ్లు, ఆ పైబడినవారు. మొత్తంలో నల్లజాతీయులు 51 శాతం, శ్వేతజాతీయులు 42 శాతం. శ్వేతజాతీయులు ఎక్కువగా ఉండే లేక్‌వ్యూ పేట కూడా మునిగింది. పక్కనున్న సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో (లూసియానాలో జిల్లాను పారిష్ అంటారు) ఒకే వృద్ధాశ్రమంలో 35 మంది చనిపోయారు. వీటిని చూపించి జాతి ప్రసక్తి వట్టిదన్నవారున్నారు. అయితే అదే అధ్యయనం న్యూ ఆర్లియన్స్ నగరాన్ని విడిగా, వయసులవారీగా చూసినప్పుడు, పెద్దవారిలో నల్లజాతీయుల మరణాల రేటు శ్వేతజాతీయుల కంటే 1.7 నుంచి 4 రెట్ల దాకా ఉందని తేల్చింది. ముసలితనం, పేదరికం, జాతి అన్నవి విడివిడి సంచుల్లో ఉండవు. కారు నడపలేని డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, భృతి మీద బతుకుతూ, పల్లపు పేటలో ఒంటరిగా ఉంటే, అతన్ని చంపింది వీటిలో ఏదని ఏ పట్టిక చెబుతుంది?

నల్లజాతీయుల అనుమానం వెనుక ఇంకా పాత లెక్కలున్నాయి. 1927లో మిసిసిపీ నది మహా వరద వచ్చినప్పుడు, న్యూ ఆర్లియన్స్‌ను కాపాడుకోవడానికి నగర పెద్దలు కేర్నార్వన్ వద్ద కరకట్టను డైనమైట్‌తో పేల్చి దిగువ పారిష్‌లను ముంచారు. ఇస్తామన్న నష్టపరిహారంలో చేతికొచ్చింది అతి స్వల్పం. అదే వరదలో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్ వద్ద సుమారు 13,000 మంది నల్లజాతీయులను కరకట్ట మీదే శిబిరంలో ఉంచేశారు. తీసుకువెళ్లడానికి ఓడలు వచ్చాయి. కానీ పత్తి చేలలో పనిచేసే ఈ కూలీలు ఒకసారి వెళితే తిరిగి రారన్న తోటల యజమానుల భయమే గెలిచింది. సహాయ కార్యక్రమాలను నడిపిన హెర్బర్ట్ హూవర్ ఆ పేరుతోనే మరుసటి ఏడాది అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. శిబిరాల దుస్థితిని పరిశీలించిన నల్లజాతీయుల సలహా సంఘానికి నాయకత్వం వహించిన రాబర్ట్ మోటన్ ఆయన వాగ్దానాలు నమ్మి, మోసపోయి, 1932 నాటికి మద్దతు ఉపసంహరించుకున్నారు. లింకన్ కాలం నుంచి హూవర్ పార్టీ అయిన రిపబ్లికన్లకు కట్టుబడిన నల్లజాతీయుల ఓటు కదలడానికి ఉన్న కారణాల్లో ఆ కరకట్ట శిబిరం ఒకటి. 1965లో బెట్సీ తరువాత లోయర్ నైంత్ వార్డు పేటలోనూ, 2005లో మళ్లీ అక్కడే, కట్టను కావాలనే పేల్చారన్న మాట పుట్టింది. ఈ రెండుసార్లూ అది నిజం కాదు. కానీ ఒకసారి నిజంగా జరిగినదాన్ని మళ్లీ జరిగిందనుకోవడాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం కష్టం.

1927 వదిలివెళ్లిన మరొకటి చట్టంలో మిగిలింది. ఆ వరద తరువాత 1928లో వచ్చిన వరద నియంత్రణ చట్టం, వరద నీటివల్ల కలిగే నష్టాలకు ఫెడరల్ ప్రభుత్వం బాధ్యురాలు కాదని రాసిపెట్టింది. కాలువల గోడల వైఫల్యంపై బాధితులు వేసిన దావాను 2008లో ఫెడరల్ న్యాయమూర్తి స్టాన్‌వుడ్ డువాల్, ఆర్మీ ఇంజనీర్ల విభాగాన్ని కఠినంగా తప్పుపడుతూనే, ఈ చట్టం కారణంగా కొట్టివేయవలసి వచ్చింది. తప్పు ఒప్పుకున్న సంస్థకు చట్టం కవచమైంది. రాజకీయ వేదికల మీద నోటికొచ్చిన నింద, కోర్టులో నోరులేని నింద అయ్యింది.

ఉద్దేశం లేకుండా కూడా జాతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే నీళ్లు తీసిన తరువాతి లెక్కల్లోకి వెళ్లాలి. ఇళ్లు తిరిగి కట్టుకోవడానికి లూసియానాలో ఫెడరల్ నిధులతో 'రోడ్ హోమ్' అనే పథకం నడిచింది. ఇంటికి గరిష్ఠంగా 1,50,000 డాలర్లు. ఆ పరిమితికి లోబడి, తుపానుకు ముందు ఇంటి మార్కెట్ విలువ, మరమ్మతుకు అయ్యే ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నిబట్టి గ్రాంటు. ఒకే విస్తీర్ణం ఉన్న రెండు ఇళ్లు అనుకుందాం, రెండింటికీ మరమ్మతు ఖర్చు 1,50,000. ఒకటి శ్వేతజాతీయుల పేటలో ఉంది, విలువ 1,80,000. రెండోది నల్లజాతీయుల పేటలో ఉంది, అక్కడ ధర పలకదు కాబట్టి విలువ 80,000. బీమా సొమ్మును పక్కనపెడితే మొదటి ఇంటికి పూర్తి ఖర్చు వస్తుంది. రెండో ఇంటికి 80,000 వస్తుంది, మిగతా 70,000 ఆ కుటుంబం ఎక్కడి నుంచి తేవాలో సూత్రం చెప్పదు. మేకు, చెక్క, మేస్త్రీ కూలి రెండు పేటల్లోనూ ఒకటే ధర. ఈ సూత్రంలో జాతి అన్న పదం ఎక్కడా లేదు, రాసిన గుమస్తాకు ఎవరి మీదా కోపం ఉండనవసరం లేదు. దశాబ్దాలుగా పేటలను విడదీసి ధరలు అణచిన చరిత్ర ఆ ఒక్క 'మార్కెట్ విలువ' గడిలో నుంచి నడిచివచ్చింది. గృహ హక్కుల సంస్థలు 2008లో దావా వేశాయి, 2011లో 62 మిలియన్ డాలర్లతో రాజీ కుదిరింది. దేశమంతా కాన్యే వెస్ట్ మాట మీద వాదించుకుంది. ఈ గడి మీద వాదించింది కొద్దిమంది వకీళ్లు.

పథకం రూపకల్పన బ్లాంకో హయాంలోనిది, అంటే డెమొక్రాట్ గవర్నరుది. డబ్బు, ఆమోదం బుష్ ప్రభుత్వానివి. 2007 డిసెంబరులో పేదలు అద్దెకుండే నాలుగు పెద్ద ప్రభుత్వ గృహసముదాయాలను కూల్చడానికి నగర మండలి ఏకగ్రీవంగా ఓటేసినప్పుడు ఏ పార్టీ కూడా వేరుగా నిలబడలేదు.

తరలింపు ప్రణాళికలో మాత్రం లోపాన్ని దిద్దారు. కారు లేనివారి కోసం నగరంలో 17 చోట్ల బస్సులు ఎక్కే స్థలాలు నిర్ణయించారు. 2013లో ఒక్కో చోట పద్నాలుగు అడుగుల ఎత్తున, వాహనాన్ని ఆపుతున్నట్టు చెయ్యెత్తిన స్టీలు మనిషి బొమ్మను నిలబెట్టారు. 2008లో గుస్తావ్ హరికేన్ వచ్చినప్పుడు వేలాదిమందిని ఈ పద్ధతిలోనే నగరం దాటించారు. తరువాతి పరీక్ష 2021లో, సరిగ్గా కత్రినా వచ్చిన ఆగస్టు 29నే, ఐడా రూపంలో ఎదురైంది. దాదాపు 14.5 బిలియన్ డాలర్లతో పునర్నిర్మించిన కరకట్టల వ్యవస్థ నిలిచింది. కానీ ఐడా చాలా వేగంగా బలపడింది. కట్టల లోపలి నగరానికి తప్పనిసరి తరలింపు ఆదేశించే సమయం లేదని మేయర్ లటోయా కాంట్రెల్ ప్రకటించారు, ఆదేశం లేనిదే ఆ బస్సులు కదలవు. కారున్నవారు తమంతట తాము వెళ్లారు. తుపాను తరువాత నగరమంతా కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. లిఫ్టులు ఆగిన వృద్ధుల అపార్ట్‌మెంట్లలో ఆ ఎండవేడికి ప్రాణాలు పోయాయి. ఈసారి నీళ్లు రాలేదు, టీవీ కెమెరాలు అంతగా రాలేదు, అధ్యక్షుణ్ని నిందించిన గాయకుడూ లేడు. పై అంతస్తుల నుంచి మెట్లు దిగలేకపోయిన వాళ్ల సంగతి భవన యజమానులకూ నగర ఆరోగ్య శాఖకూ మధ్య తనిఖీ నియమాల తగాదాగా మిగిలింది.